బొడ్డుతాడు నుంచి బిడ్డ తిరిగి వస్తాడా? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత నెల ఈ శీర్షికలో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో క్లోనింగ్ ద్వారా, అంటే ఒకే జంతువు కణం నుంచి దాని జన్యువులతోనే మరొక జంతువును పుట్టించే పద్ధతిలో, పుట్టిన గేదె దూడల గురించి రాశాను. 2009 ఫిబ్రవరిలో అక్కడ పుట్టిన సంరూప అనే దూడ కొద్ది రోజులకే చనిపోయిన సంగతి, 2010లో పుట్టిన గరిమ-2 అనే దూడ పెరిగి పెద్దదై 2013 జనవరిలో తానూ ఒక దూడను ఈనిన సంగతి అందులో చెప్పాను. ఆ వ్యాసం చదివి పాఠకులు రాసిన ఉత్తరాలలో గేదెల గురించి అడిగినవి తక్కువ, మనిషి గురించి అడిగినవే ఎక్కువ. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన వాటిలో ఏడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఒక ఉత్తరానికి మాత్రం మిగిలిన వాటికంటే ఎక్కువ చోటు కేటాయించాను. అది చదివిన తరువాత రెండు రోజుల పాటు నేను కలం పట్టలేకపోయాను.

ప్రశ్న: నా శరీరంలోని ఒక కణంతో నా క్లోన్‌ను తయారు చేస్తే, అతడు నా వయసుతో, నా జ్ఞాపకాలతో, నా చదువుతో వస్తాడా? నేను చనిపోయినా అతడి రూపంలో బతికే ఉన్నానని చెప్పవచ్చునా? – బీఎస్సీ విద్యార్థి, తిరుపతి

జవాబు: క్లోన్ తయారయ్యేవాడు కాడు, పుట్టేవాడు. మీ ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. 1996 జూలై 5న స్కాట్లండ్‌లో, ఎడింబరో నగరానికి దగ్గరలోని రోజ్లిన్ సంస్థలో డాలీ అనే గొర్రెపిల్ల పుట్టింది. ఇయన్ విల్మట్, కీత్ క్యాంప్‌బెల్ తదితర శాస్త్రవేత్తలు ఆరేళ్ళ ఆడగొర్రె పొదుగు నుంచి తీసిన కణాన్ని, కేంద్రకం (జన్యువులుండే నడిభాగం) తొలగించిన మరొక గొర్రె అండకణంతో విద్యుత్ ప్రేరణ ద్వారా కలిపి, అలా ఏర్పడిన పిండాన్ని ఇంకొక గొర్రె గర్భంలో పెరగనిచ్చారు. గర్భం మోసిన గొర్రెది నల్లముఖపు జాతి. పుట్టిన పిల్ల ముఖం మాత్రం పొదుగు కణం ఇచ్చిన గొర్రె ముఖంలాగా తెల్లగా ఉండటంతో ప్రయోగం ఫలించిందని చూడగానే తెలిసింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఆ పొదుగు కణం ఏ గొర్రెదో ఆ గొర్రె డాలీ పుట్టేనాటికే చనిపోయింది. చనిపోయిన గొర్రె లేచి వచ్చిందని ఎవరూ అనుకోలేదు, అనుకోవడానికి కారణమూ లేదు. డాలీ అందరు పిల్లలలాగే నడవడం నేర్చుకుంది, ఆరు పిల్లలను ఈనింది, చివరకు ఊపిరితిత్తుల వ్యాధి ముదరడంతో 2003 ఫిబ్రవరి 14న దానికి దయామరణం కల్పించారు. ఆ బతుకు డాలీది. పొదుగు కణం ఇచ్చిన గొర్రె బతుకు అంతకుముందే ముగిసింది.

మీ క్లోన్ సంగతీ ఇంతే. అతడు పురిటి బిడ్డగా, ఏడుస్తూ పుడతాడు. మీరు చదివిన పాఠాలు, మీ స్నేహితులు, చిన్నప్పుడు అలిపిరి మెట్లెక్కుతూ మీరు పడిన ఆయాసం, ఇవేవీ కణకేంద్రకంలో ఉండవు. జ్ఞాపకాలు మెదడులోని నాడీకణాల మధ్య, బతుకుతున్న కొద్దీ ఏర్పడే బంధాలలో ఉంటాయి. జన్యువుల వరకు చూసినా అతడు అచ్చంగా మీరు కాడు. కణంలో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలో 37 జన్యువులు ఉంటాయి, అవి అండకణం ఇచ్చిన స్త్రీ నుంచి వస్తాయి. ఒకే గర్భంలో ఒకే కాలంలో పెరిగిన కవలల మధ్య ఉన్నంత దగ్గరితనం కూడా మీకూ మీ క్లోన్‌కూ ఉండదు. మీకంటే ఇరవై ఏళ్ళు ఆలస్యంగా, వేరే తల్లి గర్భంలో, వేరే కాలంలో పుట్టిన కవల తమ్ముడు అనుకుంటే అతడు మీకు ఏమవుతాడో సులభంగా అర్థమవుతుంది. తమ్ముడు బతికి ఉన్నంత మాత్రాన అన్న బతికి ఉన్నాడని మనం అనము.

ప్రశ్న: మా తోటలోని తోతాపురి చెట్లన్నీ అంటు మొక్కలే, ఒకే తల్లిచెట్టు కొమ్మలు తెచ్చి కట్టినవి. ఇదీ క్లోనింగేనని మా అబ్బాయి అంటున్నాడు. చెట్టు విషయంలో లేని తప్పు మనిషి విషయంలో ఎందుకు వచ్చింది? – మామిడి రైతు, బంగారుపాళ్యం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజం. క్లోన్ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి రెమ్మ అనే అర్థం. 1903లో హెర్బర్ట్ వెబర్ అనే వృక్షశాస్త్రవేత్త అంట్లు, కత్తిరింపుల ద్వారా పెంచే మొక్కల కోసం ఆ పదాన్ని వాడుకలోకి తెచ్చాడు. దానిని మనుషులకు అన్వయించి మాట్లాడిన తొలి శాస్త్రవేత్తలలో ఒకరు జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

మీరు టెంక నాటకుండా అంటు ఎందుకు కడతారో ఒకసారి ఆలోచించండి. టెంక నుంచి మొలిచిన చెట్టు ఏ కాయ కాస్తుందో చెప్పలేము, గుజ్జు ఫ్యాక్టరీకి కావలసింది తోతాపురి. అంటే చెట్టు ఏమి కావాలో అది మొలవకముందే మీరు నిర్ణయించారు. ఆ నిర్ణయం వల్ల చెట్టుకు జరిగిన అన్యాయం ఏమీ లేదు, ఎందుకంటే తాను వేరొకటిగా ఉండాలన్న కోరిక చెట్టుకు కలగదు. బిడ్డకు పదేళ్ళు వచ్చేసరికి ఆ కోరిక కలుగుతుంది, తననెందుకు ఇలా కన్నారని అడిగే నోరూ ఉంటుంది. చెట్టుకూ మనిషికీ నాకు తోచే తేడా ఇదే. ఆ మాటకొస్తే మీ చెట్లు కూడా ఒక్కటిగా లేవని మీకే బాగా తెలుసు. బోరు పక్కనున్న వరుస ఒక రకంగా కాస్తుంది, గుట్ట వైపు రాతినేలలోని వరుస మరొక రకంగా కాస్తుంది. కింది వేరు ఏ టెంకదో దాన్ని బట్టి కూడా చెట్టు ఎదుగుదల మారుతుంది.

మనిషి సంగతి కాకపోయినా మన ప్రాంతం సంగతి కాబట్టి ఇక్కడే ఒక మాట చెబుతాను. పుంగనూరు పొట్టి ఆవులను క్లోనింగ్‌తో కాపాడవచ్చునా అని మరికొందరు అడిగారు. ఒక మంచి ఆవును క్లోన్ చేస్తే ఆ ఆవు పోలికలే మళ్ళీ వస్తాయి. జాతి నిలవాలంటే ఒకదానితో ఒకటి పోలని ఆవులు, ఆబోతులు చాలా కావాలి. పలమనేరులోని పశు పరిశోధన స్థానం ఆ జాతిని పోషిస్తున్న తీరు నాకు మెరుగైన దారిగా కనిపిస్తుంది.

ప్రశ్న: తిరుమల కళ్యాణకట్టలో నేను సమర్పించిన తలనీలాల నుంచి నాకు తెలియకుండా ఎవరైనా నా క్లోన్‌ను పుట్టించగలరా? – గృహిణి, తిరుచానూరు

జవాబు: పుట్టించలేరు. కత్తితో గీసినప్పుడు చేతికి వచ్చేది వెంట్రుక కాడ మాత్రమే, ప్రాణమున్న కుదురు తలచర్మంలోనే ఉండిపోతుంది. ఆ కాడ గోరులాగా గట్టిపడిన మృతపదార్థం. దానిలో క్లోనింగ్‌కు పనికివచ్చే చెక్కుచెదరని కేంద్రకం ఉండదు. నిశ్చింతగా మొక్కు చెల్లించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉండగా, రెండేళ్ళ క్రితం రోడ్డు ప్రమాదంలో పోయాడు. మాకు వాడొక్కడే. వాడి బొడ్డూడినప్పుడు మా అత్తగారు ఆ బొడ్డుతాడును ఎండబెట్టి వెండి తాయెత్తులో పెట్టించారు. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది. దానిలో నుంచి కణాలు తీసి విదేశంలో బిడ్డను పుట్టించవచ్చునని ఒక మధ్యవర్తి చెప్పి, ముందుగా కొంత డబ్బు కట్టమన్నాడు. మా ఆయన వద్దంటున్నారు. నాకు నలభై ఏడేళ్ళు. నా బిడ్డ నాకు తిరిగి వస్తాడా? – ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి చెబుతాను, అది ఆలస్యం కాకూడదు. ఆ మధ్యవర్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. క్లోనింగ్ ద్వారా మనిషి పుట్టినట్టు ఈ రోజు వరకు ప్రపంచంలో ఎక్కడా రుజువు కాలేదు. 2002 డిసెంబరులో ఒక సంస్థ ఆడపిల్లను పుట్టించామని ప్రకటించింది, కాని పరీక్షకు నిలిచే ఆధారం ఒక్కటీ చూపలేదు. ఎండిపోయిన బొడ్డుతాడులో ఇరవై ఏళ్ళ తరువాత ప్రాణమున్న కణం ఉండదు. డీఎన్‌ఏ ముక్కలు దొరికితే దొరకవచ్చు. చిల్లులు పడి పొడి అయిన తాటాకుల కట్టలో మిగిలిన నాలుగు అక్షరాలను బట్టి ఆ రాత ఎవరిదో చెప్పగలరేమో గాని, కథ మొత్తం చదవడం ఎవరి వల్లా కాదు. ఆ తాయెత్తు విషయమూ అంతే.

జవాబును ఇక్కడితో ఆపివేయవచ్చు. కాని మీరు ఇది సాధ్యమా అని అడగలేదు, నా బిడ్డ తిరిగి వస్తాడా అని అడిగారు. రేపు ఈ పని సాధ్యమైనా ఆ ప్రశ్న అలాగే ఉంటుంది కాబట్టి, దానికి కూడా జవాబు చెప్పవలసి ఉంది.

2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో క్లోనింగ్ ద్వారా ఒక పిల్లిపిల్ల పుట్టింది. దానికి సీసీ అని పేరు పెట్టారు. కణం ఇచ్చిన పిల్లి పేరు రెయిన్‌బో, దాని ఒంటి మీద తెలుపు, నలుపు, నారింజ రంగుల మచ్చలు ఉండేవి. సీసీ ఒంటి మీద నారింజ రంగు లేనే లేదు. ఆడపిల్లులలో రంగును నిర్ణయించే రెండు ఎక్స్ క్రోమోజోములలో ఒక్కొక్క కణంలో ఒకటి మూతపడి ఉంటుంది, ఏ కణంలో ఏది మూతపడాలన్నది పిండం పెరిగేటప్పుడు యాదృచ్ఛికంగా జరుగుతుంది. తమ పెంపుడు జంతువు మళ్ళీ వస్తుందని ఆశపడిన వారికి ఆ పిల్లి ఇచ్చిన జవాబు అది. కనీసం ఒంటి రంగు కూడా తిరిగి రాలేదు.

మీ అబ్బాయి విషయంలో మీరు కోరుకుంటున్నది రంగును, రూపును కాదని నాకు తెలుసు. వాడు కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడిచిన చప్పుడు, అన్నం ముందు కూర్చుని చెప్పిన కబుర్లు, మీ మీద అలిగిన తీరు మీకు కావాలి. వాటిని వాడికి ఇచ్చింది జన్యువులు మాత్రమే కాదు. వాడు పుట్టేనాటికి మీకు పాతికేళ్ళకు అటూ ఇటూ ఉంటాయి, ఇంట్లో మీ అత్తగారు ఉన్నారు, వాడి ఈడు పిల్లలు వీధిలో ఉన్నారు, ఇంటికి ఏ దుఃఖమూ తెలియదు. ఇప్పుడు ఆ ముఖంతోనే ఒక బిడ్డ పుట్టినా, గోడ మీద దండ వేసిన అన్న పటం ఉన్న ఇంటికి వస్తాడు. వాడి మొదటి మాటలో మీరు ఆ పాత మాట కోసం వెతుకుతారు. వాడికి ఇష్టం లేని కూర వండినప్పుడు, వాడికి రాని లెక్క దగ్గర, ‘వాడైతే’ అన్న మాట మీ నోటి వెంట రాకపోయినా మీ కళ్ళలో వాడికి కనిపిస్తుంది.

ఇలా ఎందుకు ఇంత గట్టిగా రాస్తున్నానో చెప్పాలంటే నా సంగతి చెప్పుకోవాలి. నాకు ముందు మా అమ్మకు ఒక కొడుకు పుట్టి, నాలుగో ఏట జ్వరం వచ్చి పోయాడు. ఆ మరుసటి సంవత్సరం నేను పుట్టాను. నాకు వాడి పేరే పెట్టారు. మా అమ్మ నన్ను ఎంతో ప్రేమగా పెంచింది, ఆమె మీద నాకు ఈ వయసులో కాదు, ఆ వయసులో కూడా ఫిర్యాదు లేదు. కాని నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని, ‘నీకు మీగడ అంటే ఎంత ప్రాణమో’ అనేది. నాకు మీగడ చూస్తే వెగటు. నేను తినేవాణ్ణి. పదకొండేళ్ళ వయసులో ట్రంకుపెట్టె అడుగున ఒక ఫోటో దొరికింది, దాని వెనుక నా పేరు రాసి ఉంది, ముందు వైపు ఉన్న పిల్లవాడు నేను కాదు. ఆ మధ్యాహ్నం నేను ఆ పెట్టె దగ్గర ఎంతసేపు కూర్చున్నానో నాకు గుర్తు లేదు. మీగడ తినడం మాత్రం ఆ రోజుతో మానేశాను, మా అమ్మ ఏడ్చింది.

నా మీద పడింది పేరు ఒక్కటే అమ్మా. పేరును మనిషి తన బతుకుతో నింపుకొని తనదిగా చేసుకోవచ్చు, నేను అలాగే చేసుకున్నాను. ముఖమే మరొకరిదైన బిడ్డ, అద్దం చూసుకున్న ప్రతిసారీ ఇంట్లోని పటాన్ని చూసే బిడ్డ, ఇరవయ్యవ ఏటికి ఆ పటంలోని ముఖాన్నే తన మెడ మీద మోయవలసిన బిడ్డ ఏమి చేసుకుంటాడు? మన వైపు తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఉంది కదా అని మీరు అడగవచ్చు. తాత తన బతుకు తాను బతికి ముగించాడు, మనవడు దాన్ని పూర్తి చేయాలని ఎవరూ అనుకోరు. మధ్యలో తెగిపోయిన బతుకును మరొక బిడ్డ చేతికి ఇవ్వడం అలాంటిది కాదు. జోయెల్ ఫైన్‌బర్గ్ అనే అమెరికన్ తత్వవేత్త 1980లో పిల్లలకు ‘తెరిచి ఉన్న భవిష్యత్తు’ మీద హక్కు ఉందని వాదించాడు, అంటే పెద్దలు ముందే తలుపులు వేసివేయని రేపటి మీద హక్కు. ఆ వాదం పుస్తకంలో చదివినప్పుడు నాకు ట్రంకుపెట్టెలోని ఆ ఫోటోయే గుర్తుకు వచ్చింది.

మీ అబ్బాయి తిరిగి రాడు. ఈ వాక్యం రాయడానికే నాకు రెండు రోజులు పట్టింది. మీకు మళ్ళీ ఒక బిడ్డను పెంచాలని ఉంటే దత్తత ఉంది, దానికి చట్టబద్ధమైన దారి ఉంది, అయితే ఆ నిర్ణయం ఈ దుఃఖం నడుస్తుండగా కాకుండా, ఎవరి స్థానంలోనో కాకుండా, వచ్చే బిడ్డ కోసమే తీసుకోవాలి. మీ ఆయన వద్దంటున్నది కొడుకును మరిచిపోయి కాదని నా నమ్మకం. ఆయనతో కొడుకు గురించి మాట్లాడండి, క్లోనింగ్ గురించి కాదు. తాయెత్తును ఏ పరీక్షశాలకూ పంపవద్దు. అది మీ దగ్గరే ఉండాలి.

ప్రశ్న: క్లోన్‌కు ఆత్మ ఉంటుందా? ఉంటే అది మొదటి మనిషి ఆత్మేనా, వేరొకటా? – విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు, పుంగనూరు

జవాబు: అయ్యా, ఆత్మ ఉన్నదా లేదా అన్నది ప్రయోగశాలలో తేలే విషయం కాదు. కాని క్లోన్‌కు ఆత్మ ఉండదన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. ఆ మాట పైకి భక్తిగా కనిపిస్తుంది గాని, ఒక మనిషిని మనిషి కంటే తక్కువగా చూడటానికి అదే మొదటి మెట్టు. ఒక్క పిండం రెండుగా చీలి కవలలు పుట్టినప్పుడు ఇద్దరిలో ఒకరికే ఆత్మ ఉందని మన పెద్దలు ఎన్నడూ అనలేదు.

మీకు బాగా తెలిసిన ఉదాహరణతోనే చెబుతాను. ‘సోఽయం దేవదత్తః’, ఆ దేవదత్తుడే ఇతడు. ఎన్నడో కాశీలో చూసిన యువకుణ్ణి ఇప్పుడు తిరుపతి గాంధీ రోడ్డులో నెరిసిన జుట్టుతో చూసినప్పుడు, కాలం వేరైనా, చోటు వేరైనా, రూపు మారినా, ఆ తేడాలన్నిటినీ పక్కకు నెట్టి ఇతడే అతడు అంటాము. అక్కడ గుణాలన్నీ మారాయి, మనిషి ఒక్కడే. క్లోన్ విషయం దీనికి సరిగ్గా తలకిందులు. గుణాలు, పోలికలు చాలా కలుస్తాయి, మనిషి మాత్రం ఒక్కడు కాదు. ‘అతడే ఇతడు’ అనడానికి పోలిక చాలదు. ఆ నాటి నుంచి ఈ నాటి దాకా తెగకుండా వచ్చిన ఒక వరుస కావాలి. దేవదత్తుడికి అది ఉంది, దేవదత్తుడి క్లోన్‌కు లేదు. ఒకడు చూసినదాన్ని మరొకడు స్మరించలేడని మన తార్కికులు చెప్పిన మాట ఇక్కడ చక్కగా సరిపోతుంది. కాశీ ఘట్టాలను చూసింది దేవదత్తుడు, అతడి క్లోన్‌కు ఆ ఘట్టాలు గుర్తు ఉండే అవకాశమే లేదు.

ఆత్మను ఒప్పుకోని బౌద్ధుల వైపు నుంచి ఆలోచించినా ఫలితం మారదు. వారి లెక్కలో మనిషి అంటే క్షణక్షణమూ సాగిపోయే ఒక ప్రవాహం. క్లోన్ ప్రవాహం అతడి సొంతం, ఇంకొకరి ప్రవాహం నడిమి నుంచి చీలి వచ్చినది కాదు. ఎన్నో శతాబ్దాల పాటు ఒకరినొకరు ఖండించుకున్న ఈ రెండు పక్షాలూ క్లోన్ వేరొక మనిషి అనే విషయంలో కలుస్తాయని గమనించినప్పుడు నాకు చాలా ఆనందం కలిగింది. ఒక మనిషి మెదడులోని జ్ఞాపకాలన్నిటినీ మరొక మెదడులోకి ఎక్కించగలిగిన రోజు వస్తే, అప్పుడు ‘ఇతడే అతడా’ అన్న ప్రశ్న నిజంగా కఠినమవుతుంది. క్లోనింగ్ మనల్ని అంతదూరం తీసుకుపోదు.

ప్రశ్న: మానవ క్లోనింగ్ మీద మన చట్టం ఏమంటోంది? మరొక సందేహం కూడా ఉంది. క్లోనింగ్ చేయకపోతే ఆ బిడ్డ అసలు పుట్టనే పుట్టడు. పుట్టకపోవడమే మేలని ఆ బిడ్డ అనలేనప్పుడు, అతడికి హాని జరిగిందని వాదించడం ఎలా? – న్యాయవాది, చిత్తూరు

జవాబు: మానవ క్లోనింగ్ కోసమే చేసిన ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. భారత వైద్య పరిశోధన మండలి, జీవ సాంకేతిక విభాగం కలిసి 2017లో వెలువరించిన మూలకణ (శరీరంలోని వేరువేరు రకాల కణాలుగా మారగల కణాల) పరిశోధన మార్గదర్శకాలు, బిడ్డను పుట్టించే క్లోనింగ్‌ను నిషిద్ధ పరిశోధనల కింద చేర్చాయి. మార్గదర్శకానికి శిక్షాస్మృతికి ఉన్న బలం ఉండదని మీకు చెప్పనక్కరలేదు. బ్రిటన్ 2001లోనే దీనిని నేరంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. మానవ గౌరవానికి విరుద్ధమైన ఇటువంటి పనులను అనుమతించరాదని 1997లో యునెస్కో ప్రకటించింది. 2005 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ మానవ క్లోనింగ్‌ను నిషేధించాలని చేసిన ప్రకటనకు అనుకూలంగా 84, వ్యతిరేకంగా 34 ఓట్లు పడ్డాయి, 37 దేశాలు తటస్థంగా ఉన్నాయి. భారత్ వ్యతిరేకంగా ఓటు వేసింది. దానిని చూసి మన దేశం మనుషుల క్లోనింగ్‌కు అనుకూలమని కొందరు పొరబడుతుంటారు. ఆ ప్రకటనలోని పదాలు చికిత్స కోసం జరిపే కణ పరిశోధనను కూడా ఆపివేసేలా ఉన్నాయన్నది మన అభ్యంతరం. ఆ తరువాత జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనక, 2006లో ఎలుక కణాలతోను, 2007లో మానవ కణాలతోను, మామూలు చర్మకణాన్నే మూలకణంలాగా మార్చే పద్ధతిని చూపించడంతో, చికిత్స కోసం కూడా అండకణాలను వాడవలసిన అవసరం చాలావరకు తగ్గింది.

మీ రెండవ సందేహం చాలా బలమైనది. డెరెక్ పార్ఫిట్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1984లో ఇదే చిక్కును విస్తారంగా చర్చించాడు, నలభై ఏళ్ళుగా తత్వవేత్తలు దానితో కుస్తీ పడుతూనే ఉన్నారు. నేను దానిని పూర్తిగా ఛేదించానని చెప్పను. అయితే ఆ వాదం పుట్టబోయే ఒక్క బిడ్డనే చూస్తుంది. డాలీ కోసం 277 అండకణాలను వాడితే 29 పిండాలు గర్భంలో పెట్టేదాకా వచ్చాయి, వాటిని 13 గొర్రెలలో ఉంచితే పుట్టింది ఒక్క పిల్ల. చైనాలో 2018లో ప్రకటించిన కోతుల ప్రయోగంలో, ఇంకా పుట్టని పిండపు కణాలతో చేసిన 79 క్లోన్ పిండాలను 21 కోతుల గర్భాలలో ఉంచగా రెండు పిల్లలు బతికాయి. ఎదిగిన కోతి కణాలతో చేసిన 181 పిండాలను 42 కోతులలో పెట్టగా రెండు పిల్లలు పుట్టాయి గాని, రెండూ త్వరలోనే చనిపోయాయి. ఆ 42 స్థానాలలో స్త్రీలను ఊహించుకోండి. అండకణాలు ఇచ్చేవారు, గర్భస్రావాలు భరించేవారు, బలహీనమైన బిడ్డను కని పోగొట్టుకునేవారు ఇప్పటికే బతికి ఉన్న మనుషులు. వారికి జరిగేది హాని కాదని ఏ వాదమూ చెప్పలేదు. 2024లో క్లోన్ చేసిన ఒక రీసస్ కోతి రెండేళ్ళకు పైగా బతికిందన్న వార్త వచ్చింది, ఆ ఒక్కదాని వెనుక కూడా ఎన్నో విఫల ప్రయత్నాలు ఉన్నాయి.

ఇంకొకటి, ఒకరిని బాధించకపోయినా వారి పట్ల తప్పు చేయడం సాధ్యమే. నువ్వు మరొకరిగా ఉండాలి అనే ఉద్దేశంతో బిడ్డను కన్నవారు, పుట్టింది ఎవరైనా సరే, ఆ బిడ్డ ఎన్నటికీ తీర్చలేని బాకీని వాడి తల మీద పెట్టినట్టే. నా వ్యతిరేకతకు అసలు కారణం ఇది. కాబట్టి ఒక సంగతి నిజాయితీగా ఒప్పుకోవాలి. ఏనాటికైనా ఈ పద్ధతి పూర్తిగా ప్రమాదరహితమై, ఎవరి స్థానాన్నీ నింపాలన్న ఉద్దేశం లేని, పిల్లలు లేని దంపతులు దీనిని కోరితే, నా వాదన చాలావరకు బలహీనపడుతుంది. ఆ రోజుకు మనం చాలా దూరంలో ఉన్నాము కాబట్టి ఇప్పుడు నిషేధమే సరైనదని నా అభిప్రాయం. న్యాయవాదిగా మీరు మనసులో పెట్టుకోవలసింది మరొకటి కూడా ఉంది. నిషేధాన్ని మీరి ఎక్కడైనా అలాంటి బిడ్డ పుడితే శిక్ష పడవలసింది పుట్టించినవారికి, వెలి పడవలసింది బిడ్డ కాదు. రాజ్యాంగంలోని 21వ అధికరణ జీవించే హక్కును వ్యక్తికి ఇచ్చింది, ఆ వ్యక్తి ఎలా పుట్టాడని అడగలేదు.

ప్రశ్న: నేను, మా చెల్లి అచ్చం ఒకేలా ఉంటాం. నాకంటే ఆరు నిమిషాలు చిన్నది. మా క్లాసులో అబ్బాయిలు దాన్ని నా క్లోన్ అంటున్నారు. అది ఏడుస్తోంది. ఏం చెప్పాలి? – పదో తరగతి విద్యార్థిని, శ్రీకాళహస్తి

జవాబు: చిట్టితల్లీ, మీ చెల్లి నీ నకలు అయితే నువ్వూ మీ చెల్లి నకలువే, ఎందుకంటే మీ ఇద్దరిలో అసలు అనేది ఎవరూ లేరు. ఒక్క పిండం చీలి మీరిద్దరూ ఒకేసారి మొదలయ్యారు. బయటకు వచ్చేటప్పుడు నువ్వు ఆరు నిమిషాలు ముందు వచ్చావు, అంతే. ఒకే జన్యువులతో, ఒకే గర్భంలో, పక్కపక్కనే తొమ్మిది నెలలు పెరిగినా మీరు ఒక్కరు కాలేదు. మూడో నెల దాటాక మీ వేళ్ళ మీద గీతలు ఏర్పడేటప్పుడు ఎవరు ఏ మూల ఉన్నారో, ఎవరి చెయ్యి ఎటు ఒత్తుకుందో దాన్ని బట్టి ఆ గీతలు వేరువేరుగా పడ్డాయి. ఇంట్లో స్టాంపు ఇంకు ఉంటే ఒక తెల్ల కాగితం మీద ఇద్దరూ కుడిచేతి బొటనవేలి ముద్రలు పక్కపక్కనే వేసి, భూతద్దంతో చూడండి. ముద్రల కింద ఎవరి పేరు వారు రాసి, కాగితాన్ని రేపు తరగతికి తీసుకువెళ్ళండి.